ఖాళీ బండి తూకం

సారా కొట్టెక్కడని నేనెప్పుడూ ఎవర్నీ అడగలేదు.
రాయగడలో కళ్లకి గంతలు కట్టి వదిలినా
కాళ్లే తీసుకెళ్లేవి.
ఇక్కడ డ్రై డే అయితే పార్వతీపురం ప్యాసింజరు,
అక్కడ బందయితే ఇక్కడ.
సరిహద్దులో తాగేవాడి గోడకి రెండు కేలండర్లు.

ఈ మీటింగు కోసం మాత్రం మూడు మంగళవారాలు తిరిగాను.
మొదటి వారం చిట్టీలవాళ్ల గదిలో కూర్చున్నాను,
పాట ముగిసేదాకా తెలీలేదు.
రెండో వారం ప్రార్థన కూటం.
ఒకావిడ నా తలమీద చెయ్యి వేసింది,
తియ్యమని చెప్పలేకపోయాను.
మూడో వారం తలుపు దొరికింది. లోపల నవ్వులు.
తాగనోళ్లు ఇంతలా నవ్వుతారా అని
వెనక్కి వచ్చేశాను.
తిన్నగా ఇంటికేనని చెప్పను.

నా ఉద్యోగం కాటా మీద.
పేపరు మిల్లు రోడ్డులో నీలగిరి దుంగల లారీలు,
సరుకుతో ఒకసారి, దింపేశాక ఒకసారి.
రెండోది రాయకపోతే మొదటి అంకెకి అర్థం లేదు.
పందొమ్మిదేళ్లు బళ్ల ఖాళీ తూకాలు రాశాను.
నాదెంతో రాసినోడు లేడు.
సంతకం వణికినా అంకె వణకలేదని చెప్పుకుంటాను గానీ
రెండుసార్లు వణికింది.
రెండోసారి ఒక డ్రైవరు పని పోయింది.

నాలుగో వారం లోపలికెళ్లాను.
ఒడియా బడిలో రెండో తరగతి గది.
పిల్లల బెంచీలు, మోకాళ్లు గెడ్డానికి తగిలేవి.
గోడ నిండా గుండ్రటి అక్షరాలు,
బోర్లించిన గ్లాసుల్లా.
అప్పట్లో నాకు అన్నీ గ్లాసులే.
ఇంటిపేర్లు గుమ్మం బయట, చెప్పులతో పాటు.

గ్యాంగ్‌మేన్ దయానిధి చెప్పాడు:
పట్టాల మీద పడుకుంటే గూడ్సుని ఆపించింది
తన కింద పనిచేసే కుర్రాడట.
ఆ కుర్రాడు ఇప్పటికీ నమస్కారం పెడతాడట,
అదే భరించలేనన్నాడు.
ఆసుపత్రి ఆయా కుంతల ఏమీ చెప్పలేదు. టీ పోసింది.
గ్లాసు గ్లాసుకీ ఆమె చెయ్యి వణకకపోవడం
చూస్తూ కూర్చున్నాను.

నా వంతు.
"మూఁ జణే మదువా" అన్నాను.
ఎవరిదో లారీకి చీటీ రాసిచ్చినంత తేలిగ్గా వచ్చేసింది.
పదకొండు నెలలు అలాగే, ఒడియాలో.
చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టుకున్నాను.
ఇంట్లో "మీటింగుకి ఎళ్తన్నాను" అనేవాణ్ణి,
ఏం మీటింగని రవణమ్మ అడిగేది కాదు.

తెలుగులో ఆ మాట మా అమ్మది.
అన్నం గిన్నె విసిరిన రాత్రి
మా నాన్నని అన్నది.
దాన్ని అటకెక్కించి నేను నిచ్చెన దాచేశాను.

మొన్న మంగళవారం వాన.
కొమరాడ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు,
తడిసిన చొక్కా, చెవి మీద పెన్సిలు.
వడ్రంగి అనుకుంటాను.
ఒడియా ఒక్క ముక్క రాదు.
బస్సు తప్పినోడిలా అందరి మొహాలూ చూస్తన్నాడు.
దయానిధి నావైపు చూశాడు.
కుంతల కెటిల్ కింద పెట్టి నావైపు చూసింది.

లేచాను. మోకాలు బెంచీకి కొట్టుకుంది.
"నేను తాగుబోతుని."

రేకుల మీద వాన అలాగే పడుతోంది.
లోపలెక్కడో దుంగలు దింపుతున్న చప్పుడు,
ఒకటి,
చాలాసేపటికి ఇంకోటి.
ఆ డ్రైవరు పేరు తులసయ్య. అప్పుడు గుర్తొచ్చింది.

"మీరూనా?" అన్నాడు కుర్రాడు.
"నేనూనే."

తాళం వేస్తుంటే అడిగాడు,
"వచ్చే మంగళారం ఉంటాదా?"
"ఉంటాది. దారి తెలుసు కదా?"
"తెలీదు. ఆటోవాడు మూడుచోట్ల దింపాడు."

స్టేషను దాకా కూడా వెళ్లాను.
మధ్యలో కొట్టు వచ్చింది.
వానకి జనం లేరు, లైటు వెలుగుతోంది.
ఇద్దరం చూశాం. చూడలేదని అబద్ధమాడను.
గొడుగు ఒక్కటే కావడంతో
ఒకే వేగంతో నడవాల్సొచ్చింది.