పేరుకు వదిలిన జాగా

పామిడిలో పెన్న బ్రిడ్జి దిగంగానే కుడిపక్క
శెనక్కాయల మిల్లు గోడ.
ముప్పై ఏడు అడుగుల పొడుగు.
యాడ ఉబ్బిందో, యాడ పగిలిందో
మిల్లు ఓనరు కంటే నా చేతికే బాగా తెలుసు.

“బొక్కెన గుర్తు రాసెయ్ హుసేనప్పా,
పేరు మాత్రం ఇప్పుడే వద్దు.
జాగా కొంచెం వెడల్పుగానే ఇడువు”
అన్నారు పార్టీ ఆఫీసోళ్లు.
ఇడిసినా.
బొక్కెనకు నీలం, కడ్డీకి నలుపు,
ఆ చివర్న “గారికే మీ ఓటు”.
ముప్పై ఏండ్ల పనిలో
పేరు లేని గారిని రాసింది ఇదే మొదలు.

పోయినసారి ఈడనే వన్నూరప్ప ఉండె,
ఎర్రరంగు, తెల్ల అంచు.
రెండు కోట్లు సున్నం కొట్టినా
సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే
“న్నూ” కింది వొత్తు తొంగి చూస్తాది.

టీ బంకు కాడ ఒకటే మాట.
మారుస్తారంట. మార్చరంట.
ఫోన్లో ఆడగొంతు అడుగుతాదంట,
పనితీరు బాగుంటే ఒకటి, బాగలేకుంటే రెండు.
నైటీలు కుట్టే రామాంజినమ్మ అనింది:
“మిషన్ మీద కాలు, చేతినిండా గుడ్డ,
ఏదో ఒకటి నొక్కినాలే.”

“బోరు ఎండితే మోటారు మార్చేటోన్ని ఏమంటారప్పా?
మా చిన్నాయన మూడు మార్చినాడు.
నాలుగోది అప్పులోళ్లు ఎత్తకపోయిరి.”
ఇది కుళ్లాయప్ప.
“కాలిపోయిన మోటారుకు
స్విచ్చి ఏస్తా కూర్చుంటావా మరి?”
ఇది ఎర్రిస్వామి.
ఇద్దరిదీ నిజమే.
టెంకాయ అరచేతిలో పెట్టుకోని చేనంతా తిరిగి
అది లేచి నిలబడిన తావే పాయింటు అనేటాయప్ప
ఇప్పుడు ల్యాప్‌టాప్ పట్టుకోని
యాడో ఏసీ రూములో కూర్చున్నాడు, అంతే.

నా లెక్క వేరే.
పదకొండువేల ఎనిమిదొందలు రావాల,
పోయినసారి గోడలయి.
కొత్తాయన వస్తే పాత బాకీ ఎవర్ని అడగాల?

కాగితం మీద లేని లెక్క ఇంకొకటి.
మా ఖాసింబీ పోయిన దినం
గోరీల కాడికి చెప్పులిడిసి వచ్చినాడు వన్నూరప్ప.
మూడు పిడికిళ్లు మన్ను ఏసినాడు.
ఈడికి దావ ఏయిస్తా అన్నాడు, ఆన్నే నిలబడి.
ఐదు ఎండాకాలాలు పోయినాయి.
మొన్న మా బావను మోసుకపోతాంటే
కంపముల్లు పాదంలో దిగింది.
అప్పుడు తిట్టిందీ ఆయప్పనే,
చెప్పుల్లేని ఆ కాళ్లు గుర్తుకొచ్చి
నోరు మూసుకునిందీ ఆయప్పకోసమే.

శుక్రవారం రాత్రి తొమ్మిది దాటినాక వచ్చినాడు.
గన్‌మెన్ లేడు.
తమ్ముని కొడుకు స్కూటరు వెనక కూర్చోని.
లైటు గోడ మీదికి తిప్పమన్నాడు.
చానాసేపు చూసినాడు,
బొక్కెనను కాదు, దాని పక్కన తెలుపును.
“ఎన్ని అచ్చరాలు పడతాయప్పా ఈడ?”
“ఆరు సార్. ఇరికిస్తే ఏడు.”
“నాది నాలుగే కదా.”
నగినాడో, దగ్గినాడో.
“ఆరుకు ఇడువమని ఎవరు చెప్పిరి నీకు?”

నేను కుంచెలో ఎంట్రుకలు లెక్కబెడతా నిలబడితి.
జేబులోంచి రెండువేలు తీసి నా చేతిలో పెట్టి
“మిగతాది...” అన్నాడు.
ఆ మాట ఆన్నే ఆగిపోయింది.
స్కూటరు పోయినాక కూడా
పెట్రోలు వాసన గోడకాడనే ఉండె.

పొద్దున పోయి చూస్తే
ఖాళీ జాగాలో బొగ్గుతో మూడు నిలువు గీతలు,
పైన అడ్డంగా రెండు.
మిల్లు హమాలీల పిల్లోళ్లు
వికెట్లు గీసుకున్నారు.
చెరపాలని సున్నం బకెట్టు ఎత్తినా.
మళ్లా దించినా.
ఆఫీసు నుంచి ఫోన్ ఇంకా రాలే.

“తాతా, నువ్వూ ఒక బాలు ఏస్తావా?”
ఏసినా.
బొక్కెనకు తగిలింది.