చెక్కలో మిగిలిన నూనె

రాజాంలో, తవిటయ్య నూనె మిల్లు మీది గదిలో
ఎనభై వేల గళ్ల రాయిని నడుపుతున్నాను.
ఆ రాయిని నేనెప్పుడూ చూడలేదు.
సముద్రం అడుగున, ఇంకా మూడు కిలోమీటర్ల కింద ఉంది.
నేను ముట్టుకున్నదల్లా అరచేతిలో పట్టే ముక్క.
ల్యాబ్‌లో ముక్కుకి ఆనించుకుంటే
అప్పుడే ఆర్పిన కిరోసిన్ దీపం వాసన.

అందరూ లోపల చెరువుందనుకుంటారు.
చెరువు కాదు. ఇసుక రేణువుల మధ్య
వెంట్రుక కూడా దూరని సందులు.
ఆ సందుల్లో ముగ్గురు:
రాయిని ముందే కరుచుకుని వదలని నీరు,
నడుమ ఇరుక్కుని నిలిచిన నూనె,
నెత్తి మీద బరువు తగ్గితే చాలు
గోలీసోడా కొట్టినట్టు బుస్సున లేచే గ్యాసు.
ముగ్గురి వాటా కలిపితే ఒకటి, ప్రతి గడిలో, ప్రతి రోజూ.
ఒకరు కాలు చాపితే మిగతా ఇద్దరికీ దారి ఇరుకు.
నా లెక్కంతా ఆ ఇరుకు గురించే.

ఏడో బావి నాలుగేళ్లు నూనె ఇస్తుందని రాశాను.
పద్నాలుగో నెలలో నీళ్లు పడ్డాయి.
మా ఊళ్లో నీళ్లు పడితే కొబ్బరికాయ కొడతారు.
నన్ను పిలిచి సంజాయిషీ అడిగారు.
అప్పట్నుంచీ వెనక్కి నడుస్తున్నాను.
జరిగిపోయినదానికి సరిపోయేదాకా రాయిని మార్చడం:
ఇక్కడో పగులు, అక్కడో బంకమట్టి పొర.
గీత మీద గీత కూర్చుందా, అదే గతం.

రెండున్నరకి లెక్క మొరాయించింది.
అడుగు సగం చేసింది, మళ్లీ సగం.
రోజు, పూట, గంట,
చివరికి నిమిషం కూడా దాటలేక కూలబడింది.

కిందికి దిగాను.
పగలు కరెంటుని నమ్మక
తవిటయ్య రాత్రే నువ్వులు పోశాడు.
వేడి వేడి చెక్క ముక్క నా చేతిలో పెట్టి
"నొక్కి సూడమ్మా" అన్నాడు.
వేళ్లు మెరిశాయి.
"ఇంకా ఉందిగా?"
"ఉంటాది. నూటికి ఏడో, ఎనిమిదో.
మా అయ్య గానుగకైతే పన్నెండు.
అదీ పిండేత్తానని ఎవుడైనా అన్నాడనుకో,
ఆడు నూనె అమ్మీవోడు కాదు,
అప్పు అడిగీవోడు."

పైకొచ్చి ఫైలు తెరిచాను.
నీరు ఎంత తోసినా రాయి వదలని నూనె:
ల్యాబ్ చెప్పింది ఇరవై ఎనిమిది.
నా ఫైల్లో ఇరవై రెండు.
ఆ ఆరూ నన్నెవరూ అడగలేదు.
అడిగే పని లేకుండా నేనే ఇచ్చాను,
ఒక మీటింగుకి ముందు రోజు.

రెండు చెరిపి ఎనిమిది కొట్టాను.
ఆ మీట మీద మరక పడింది.
లెక్క కదిలింది. ఒక రోజు. ఇంకో రోజు. ఇంకోటి.
కింద మోటారు ఆగింది,
వాసన ఆగలేదు.