ఒంటి తుమ్ము

అరండల్‌పేట పదో లైన్లో, జిరాక్స్ కొట్టు మెట్ల కింద నా షాపు.
"పోయినవి తెస్తాం" అని బోర్డు రాయించా.
తాళంచెవులు పోయినవాళ్లు కూడా అప్పుడప్పుడూ తొంగిచూస్తారు.

మే నెల. కూలర్ గాలికి కూడా యార్డు ఘాటు.
పిచ్చేశ్వర్రావు గారు డిస్కుని చేతిరుమాల్లో కట్టి తెచ్చారు,
కోల్డ్ స్టోరేజీ గుమాస్తా, చిట్టా ఆవర్జాల్లో తల నెరిసిన మనిషి.
"రాస్తుండగా కరెంటు పోయిందమ్మా.
కొత్త డిస్కు కొంటారట ఓనరు గారు.
ఎందులో రాస్తే పోదో కనుక్కు రమ్మన్నారు."

స్కాన్ పెట్టి, ఆయన మాటల్లోనే చెప్పబోయా.

ఇప్పుడు మీ దాంట్లో ఉన్న ఫ్యాట్,
గేటు దగ్గర వాచ్‌మన్ పుస్తకమండీ.
ఏ బస్తా ఏ గదిలో ఉందో ఒక పట్టిక, దానికో నకలు, అంతే.
కెమెరా, టీవీ, కార్లో పాటల డబ్బా,
ఎవరడిగినా చదివి వినిపిస్తుంది, నువ్వెవరని అడగదు.
నాలుగు జీబీల పెళ్లి వీడియో మాత్రం దాని గుమ్మంలో పట్టదు.
మధ్యలో కరెంటు పోతే
సగం బస్తా లోపల, సగం వీధిలో.

ఎన్‌టీఎఫ్ఎస్‌కి చిట్టా ఉంది.
ఫలానా పని చెయ్యబోతున్నా అని ముందు అందులో రాసుకుని
అప్పుడు చేస్తుంది.
కరెంటొచ్చాక చిట్టా తిరగేసి, ఆగిన చోటు సర్దుకుంటుంది.
గదిగదికీ తాళం, ఎవరు తెరవచ్చో చీటీ.

ఆయన మొహం వెలిగింది:
"చిట్టా లేకుండా ఆవర్జా రాస్తే
మా పెద్ద గుమాస్తా రూళ్లకర్రతో వేళ్ల మీద కొట్టేవాడు!"

ఎక్స్‌టీ ఫోర్ లైనక్స్ వాళ్ల బిడ్డ.
చిట్టా ఉంది, వాగుడు లేదు,
బస్తాలు పక్కపక్కనే పేరుస్తుంది.
చెరిపేస్తే ఎక్కడ పెట్టిందో కూడా తనే చెరుపుకుంటుంది,
నాబోటివాళ్ల కూడు పోగొట్టే రకం.

జెడ్ఎఫ్ఎస్ ఉందీ,
అది పాత పేజీ మీద చచ్చినా రాయదు.
కొత్త పేజీ రాసి, అన్నీ కుదిరాక, వేలు ఇటు జరుపుతుంది.
బస్తా తీసిన ప్రతిసారీ తూకం. తేడా వస్తే
జంట డిస్కులోంచి మంచిది తెచ్చి ఆ చోట పెడుతుంది.
మెమరీ మాత్రం మగపెళ్లివారిలా మేస్తుంది.
రోజుకో ఫొటో తీసి దాచమంటే దాస్తుంది,
పోయిన దీపావళి నాటి లెక్క ఆ రోజున్నట్టే.

"చెరిపేసినా?"
"చెరిపేసినా."

కళ్లజోడు తీసి తుడిచారాయన, మరకేం లేకపోయినా.
"మరి... బాగా మర్చిపోయేది ఏదమ్మా?"

పన్నెండేళ్లుగా ఈ కుర్చీలో కూచున్నా,
ఆ మాట అడిగిన మనిషి లేడు.

స్కాన్ అయిపోయింది.
కరెంటు పాడుచేసింది రెండు ఫైళ్లు.
మూడోది వేలి పని.
ఫ్యాట్ చెరిపేది పేరులో మొదటి అక్షరమే;
మరొకటి వచ్చి ఆ చోట కూచునేదాకా
సరుకు ఎక్కడిదక్కడే ఉంటుంది.
ఇంగ్లీషు అక్షరాల సైదమ్మ
మొదటిది రాలిపోయి 'ఐదమ్మ'గా తెర మీదికొచ్చింది.
క్రోసూరు. రెండెకరాల కౌలు మిర్చి. నల్లతామర.
అడ్వాన్సు లక్షా ఎనభై,
వడ్డీ, ఆ కిందే వడ్డీకి పుట్టిన వడ్డీ.

తిరిగి తేవాలా, అడిగింది తెర.
అవును. కాదు.

నేను ఆయన్ని చూశా. ఆయన ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నారు.
బయట నేను రాయించిన బోర్డు గోడలోంచి వీపున గుచ్చుకుంది.
వేలు మీట మీద పెట్టా.

ఆయన తుమ్మారు. ఒక్కసారే.
డిస్కు సందుల్లోంచి లేచిన కారం ధూళో ఏమో.
"ఒంటి తుమ్మమ్మా," అన్నారు మెల్లిగా, "కాసేపు ఆగాలి."

కూజాలో నీళ్లు చెరో గ్లాసు తాగి కూచున్నాం.
యూపీఎస్ మీద పచ్చ దీపం.
రెండో తుమ్ము రావాలని
ఇద్దరిలో ఎవరం అనుకోలేదు.