నీళ్ళకైతే పైకి

పెట్టెలు దిగిన చలికాలం నాకు తొమ్మిదేళ్ళు.
పీలినెన్ సరస్సు గడ్డకట్టి
దాని మీదే కార్లు పోతున్నాయి.
ఓయివా మామ పడవల కొట్టంలో
అల్యూమినియం రేకులు, సంచీలకొద్దీ రివెట్లు,
లావుపాటి కాగితాల కట్ట. అందులో ఒక పేజీ లేదు.

తోక గొట్టంలో పట్టేది నేనొక్కదాన్నే.
బోర్లా పాకి, ఇనప దిమ్మె రేకుకి ఆనించి
"ఊఁ" అంటే
బయట నుంచి టకటకటక.
పళ్ళు జివ్వుమనేవి.
గంటకో దాల్చినచెక్క బన్ను, అదీ నా కూలి.
మూడింటికే చీకటి పడే ఆ రోజుల్లో
లోపల పెన్సిల్‌తో పేరు రాసుకున్నాను: హిల్లా.

పదకొండు చలికాలాలు.
ఆ గొట్టంలో పట్టనంత పెరిగాను నేను.
కొట్టం తలుపు మాత్రం పెరగలేదు,
జానెడు తక్కువ.
లెంపి అత్త ఏమీ అనలేదు, రంపం తెచ్చిచ్చింది.

మీటల పక్కన ఎర్ర రంగుతో మామ రాశాడు:
నీళ్ళకైతే చక్రాలు పైకి.
నేలకైతే కిందికి.
బాతుకి ఎవరూ చెప్పక్కర్లేదు.
దీనికి ప్రతిసారీ చెప్పాలి, ఇప్పుడు తనెవరో.
మరిచి చక్రాలతో తాకితే
సరస్సు కాళ్ళు పట్టుకుని తిరగేస్తుంది.

జూన్. పచ్చిక మీంచి లేచాం.
కింద దీవులు, ఎవరిదో సౌనా పొగ.
నీళ్ళెంత కదలకుండా ఉన్నాయంటే
ఎంత ఎత్తున ఉన్నామో తెలియలేదు.
మామ ఈల వేస్తూ దిగుతున్నాడు.
పదకొండేళ్ళు ఎదురుచూసిన నీళ్ళు కదా,
ఎర్ర అక్షరాలు కంటికి ఆనలేదు.

"చక్రాలు?" అన్నాను.

ఈల ఆగింది.
ఇంజను ఒక్కసారి గొంతు చించుకుంది, మళ్ళీ పైకి.
ఒక చుట్టు తిరిగొచ్చేదాకా మాటల్లేవు.
ఆయన చెవి ఎర్రబడడం చూసి
కిటికీ వైపు తిరిగాను.

రెండోసారి
పొట్ట నీటిని బరబరా గీకింది,
గులకరాళ్ళ మీద ఈడ్చినట్టు,
ఆపైన మెత్తగా కూర్చుంది.
ఇంజను ఆపాక
ఎక్కడో ఒక నీటిపక్షి, అంతే.

నా మడమ తడిసింది.
తోక వైపు నుంచి తాపీగా ఒక నీటి దారం.
మామ వంగి చూశాడు.
"పద్నాలుగో వరస. ఆ రోజు నీకు నిద్రొచ్చింది."
"తెలుసా నీకు?"
"తెలుసు. మళ్ళీ కొడదామంటే ఏడ్చేట్టున్నావు."

స్పాంజి చేతికిచ్చాడు.
అద్ది, పిండి,
సరస్సు నీళ్ళు సరస్సుకే ఇచ్చేస్తున్నాను.
ఇంకా వస్తూనే ఉన్నాయి.