తాడు పైకొస

ముహర్రఖ్‌లో మా గదికి ఒకటే సాకెట్, మూడు కన్నాలది.
ఇంటి నుంచి తెచ్చుకున్న రెండు పిన్నుల ఛార్జర్
అందులో ఊరికే దూరదు.
పై కన్నంలో పెన్ను మూత గుచ్చి
ఆ గోడను కాసేపు మోసం చేయాలి.
కోరుట్ల భూమేశ్ నేర్పాడు, మొదటి రాత్రే.
"ఎలక్ట్రీషియన్ని, నేను చెప్పరాదు గనీ
అందరం గిట్లనే బతుకుతున్నం" అన్నాడు.

పదకొండేళ్లు నేనూ అదే పని చేశాను, తెరల మీద.
బ్రౌజర్ గోడకి లేని కన్నం ఒకటి కల్పించి
దాంట్లో ఫ్లాష్ దూర్చి
ముత్యాల మ్యూజియానికి సముద్రం గీశాను.
ముక్కుకి క్లిప్పు, కాలికి రాయి,
నడుముకి తాడు కట్టుకున్న ఈతగాడు
వేలు తాకితే మునిగేవాడు.
ఒక్కో బుడగా చేత్తో గీసిందే,
నూట నలభై ఫ్రేములు. ఎంత మెత్తగా లేచేవో.
తాడు పైకొస మాత్రం
తెర అంచు దాటి ఎటో పోయేది.
ఎవరు పట్టుకున్నారని ఎవరూ అడగలేదు.
నాకూ తోచలేదు.

ఒక జనవరి పొద్దున
కంపెనీ తన చేతిలోని కొస వదిలేసింది.
ముందే చెప్పింది పాపం, మూడేళ్ల ముందే.
వీసా గడువు కాగితం మీదే ఉంటుంది,
చివరి వారం దాకా నమ్మేదెవడు?
సముద్రం ఉండాల్సిన చోట బూడిదరంగు పెట్టె,
ప్లగిన్ పనిచేయదన్న ఒక్క వాక్యం.
మనిషి కిందే ఉండిపోయాడు.

మళ్లీ గీయడానికి నాలుగు నెలలు.
ఈసారి కన్నం అక్కర్లేదు, గోడే నీళ్లయింది.
కాన్వాస్, ఎస్‌వీజీ, జావాస్క్రిప్ట్,
ఏ ఒక్కడి సొత్తూ కాని మాటలు.
వాటి కోసం ఎక్కడెక్కడో కూర్చున్న మనుషులు
ఒక్క కామా దగ్గర ఏళ్లకేళ్లు కొట్లాడుకుంటారట.
భూమేశ్‌కి ఇది వింత కాదు.
"బల్బు మరకు ఒక లెక్కుంటది సార్.
గా లెక్క కుదిరేదాక ఎన్ని పంచాయితీలయినయో!
గిప్పుడు ఏ దుకాణం బల్బయినా
ఏ హోల్డర్ల అయినా ఎక్కుతది."

అబద్ధమెందుకు, కొత్త సముద్రం గరుకు.
ఒక ఫోన్లో బుడగలు కిందికి పోయాయి.
ఇంకోదాంట్లో రాయికన్నా ముందు మనిషి దిగాడు.
పాత ఫైలు తెరుద్దామంటే
తెరిచే సాఫ్ట్‌వేర్‌కి నెలనెలా అద్దె కట్టాలి.
నా బుడగలకి వేరేవాళ్ల తాళం.
ఆ మెత్తదనం మళ్లీ రాలేదు.
ఇప్పటికీ రాలేదు.

తెర వెలిగిన రోజు ముబారక్ వచ్చాడు,
మ్యూజియం కాపలా ముసలాయన.
వాళ్ల నాన్న పడవ మీద తాడు లాగే మనిషి.
తాకాడు. ఈతగాడు మునిగాడు.
ఆయన చూపు బుడగల మీద లేదు,
తాడు వెంట పైకి పోతోంది.
"చేతులేవీ?" అన్నాడు, సగం అరబ్బీ సగం హిందీలో.
"ఊపిరి అయిపోతే కిందవాడు ఒక్క గుంజు గుంజుతాడు.
ఉప్పుకి కళ్లు మండుతున్నా
మా నాన్న తుడుచుకునేవాడు కాదు.
చెయ్యి ఖాళీ లేదు.
పట్టినవాడు కనపడకపోతే ఎవడు దిగుతాడు?"

ఆ రాత్రి కోడు తెరిచి చేతులు గీశాను.
ముబారక్ తండ్రివి రెండు. నిజానికవే చాలు.
ఆగలేక ఇంకో రెండు,
పొద్దు పొడిచేసరికి తాడు కనపడనన్ని.
చాలావాటిని మళ్లీ చెరిపాను.

వారం తర్వాత ఒక బడిపిల్ల
కీబోర్డు మీద ఏదో నొక్కి
లోపలి వరసలన్నీ తెరిచి కూర్చుంది.
చేతుల రంగున్న చోటు వెతికి
తన చేతి రంగు పెట్టి చూసుకుంది.
పేజీ మూస్తే పోయే మార్పే.
వాళ్ల టీచర్ వచ్చేదాకా నేను అటు తిరిగి నిలబడ్డాను.

గదికొచ్చి ఛార్జింగ్ పెట్టబోతే
పెన్ను మూత లేదు.
చీకట్లో వెతుకుతుంటే భూమేశ్
నిద్రలోనే చెయ్యి చాపి
దిండు కింద నుంచి తీసిచ్చాడు.