నాలుగో ప్రయోగం

మధ్యాహ్నం రెండు. సింహాచలం కొండ మీద మబ్బు.
ల్యాబులో ఉక్క. ఉక్కు కాదు, విశాఖ ఉక్క.
అప్పలకొండ మానోమీటర్ నీళ్లలో
బట్టల నీలిమందు రెండు చుక్కలు కలిపాడు.
పదమూడు గాజు గొట్టాలూ ఒకే ఎత్తున ఉన్నట్టే ఉన్నాయి.

"ఫ్యాన్ వెయ్యకముందు ఒక రీడింగ్ రాయండి" అన్నాను.
"గాలే లేదు కదా సార్, సున్నా" అన్నాడు ప్రణీత్.
చూసి రాయమన్నాను.
సున్నా కాదు. రెండు మిల్లీమీటర్లు.
బల్ల ఒక కోడు పొట్టి.
ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు.

పోయినేడాది రికార్డు చూసి
గ్రాఫ్ ముందే గీసుకొచ్చినవాళ్లూ ఉన్నారు:
నున్నటి వంపు, ఒక్క చుక్కా పక్కకి పోదు,
ఎన్నడూ గాలి తగలని వంపు.

టన్నెల్ గొంతు విప్పింది.
బల్సా రెక్క మీద నూకరత్నం అంటించిన ఎర్రదారం ముక్కలు,
జాకెట్ల టైలర్ని అడిగి తెచ్చినవి,
తల దువ్వినట్టు వెనక్కి వాలాయి.
నాలుగు డిగ్రీలు. ఎనిమిది.
నీలం నీళ్లు మెట్లు మెట్లుగా ఎక్కాయి.
పది. పదకొండు. పన్నెండు.
ఎవరూ ఫోన్ చూడటం లేదు.

పదమూడున్నరకి
వెనక అంచున ఒక దారం వణికింది,
పక్కది ఎదురు తిరిగింది,
అంతే, అన్నీ చిందరవందర.
ఎక్కిన నీళ్లు దబ్బున దిగిపోయాయి.

స్టాల్ అని నేను బోర్డు మీద రాసేలోపే
"గాలి ఒగ్గీసింది సార్" అంది ఆ పిల్ల.
వాళ్ల తాత జాలారిపేట నుంచి
తెరచాప కట్టుకుని వేటకి పోయేవాడట,
గుడ్డ అంచు టపటపమంటే
తలెత్తకుండానే చుక్కాని సర్దేవాడట.
"మరీ ఎదురెట్టీకూడదు, మరీ ఒగ్గీకూడదు అనీవోడు."
పద్దెనిమిదేళ్లుగా చెబుతున్నాను ఈ పాఠం.
ఇంత పొట్టిగా ఎప్పుడూ చెప్పలేదు.

"పుస్తకంలో పదిహేను కదా సార్,
పదిహేనని రాసేద్దామా?" ప్రణీత్ గొంతు తగ్గించి.
వద్దు.
పదమూడున్నర ఎందుకొచ్చిందో రాయి.

అప్పుడే కరెంటు పోయింది.
కిటికీ తెరిస్తే సముద్రం గాలి,
మనం స్కేలు వెతికేదాకా ఆగేది కాదు,
కాగితాలన్నీ ఎగరేసింది.

సాయంత్రం రికార్డులు దిద్దుతున్నాను.
"లోపాలకు కారణాలు" కింద నూకరత్నం:
ఒకటి, బల్ల కోడు.
రెండు, రెక్క ముందంచు మీద సొట్ట.
మూడు, పదకొండు డిగ్రీల దగ్గర
దారాల్నే చూస్తూ ఉండిపోయాను, రీడింగ్ రాయలేదు.

గ్రాఫ్‌లో పదకొండు దగ్గర ఖాళీ.
గీత అక్కడ ఆగి, అవతల మళ్లీ మొదలైంది.

ఎర్ర కలానికి మూత పెట్టేశాను.