సున్నా ఎక్కడ

ఫైలు తెరిచాను.
నరాండెరా ఊరి నీటిగొట్టాలన్నీ
ఆఫ్రికా పక్కన సముద్రంలో తేలుతున్నాయి.

నవ్వొచ్చింది. తప్పు గొట్టాలది కాదు.
గీసినవాడు సున్నా, సున్నా అని మొదలుపెట్టాడు.
భూగోళానికి తెలిసిన గుండుసున్న అక్కడే ఉంది మరి,
ఉప్పునీళ్ళ నడుమ,
అడ్డగీతా నిలువుగీతా కలిసేచోట.

కౌన్సిల్లో సాఫ్ట్‌వేర్‌కి డబ్బుల్లేవు.
"ఊరికే వచ్చేదేదో ఉందటగా" అంది డొరీన్.
ఊరికే వచ్చేది ఊరికే పనిచేయదని
ఆమెకెవరు చెప్పాలి.
ఎవరెవరో, ఏ దేశాల్లోనో, రాత్రుళ్ళు కూర్చుని
పెట్టిన చలివేంద్రం అది.
ముంత మనమే ముంచుకోవాలి.

డీడబ్ల్యూజీని డీఎక్స్ఎఫ్ చేశాను.
నలభై ఒక్క లేయర్లు.
ఒకదాని పేరు 'కొత్తది', ఇంకోటి 'కొత్తది రెండు',
మరోటి 'ముట్టుకోవద్దు, కెల్విన్'.
కాగితం మీద బుద్ధిగా కూర్చున్నవన్నీ
పటంలోకి రమ్మంటే మొరాయించాయి.
వాల్వు అని గీసిన గుండ్రం
ముప్పయ్యారు చిన్న గీతలై విరిగింది.
'నూరు మిల్లీమీటర్ల ఇనుము' అన్న మాట
తన గొట్టాన్ని వదిలేసి
ఎవరి పెరట్లోనో ఒంటరిగా నిలబడింది.
కలిసినట్టే కనబడే రెండు కొసల మధ్య
వెంట్రుకవాసి ఖాళీ.
బొమ్మలో అదొక లెక్క కాదు.
పటంలో మాత్రం నీళ్ళు అక్కడే ఆగిపోతాయి,
ఆ పైన వీధంతా నోరెండి కూర్చుంటుంది.

మూడు రోజులు అతుకులు వేశాను.
మాటను గొట్టానికి, గొట్టాన్ని వాల్వుకి,
పక్కనున్నదాన్ని పక్కనున్నదానికి ముడిపెట్టాను
జాతకాలు చూడని పెళ్ళిపెద్దలాగా.
అన్నీ కుదిరాయి.
ఊరు మాత్రం సముద్రంలోనే ఉంది.

చివరికి ఫోన్ చేశాను.
కెల్విన్ ప్రౌస్, ఎనభై ఒకటి,
రిటైరై పంతొమ్మిదేళ్ళు.
"మీ సున్నా ఎక్కడ?" అని అడిగాను.
అవతల చాలాసేపు ఏమీ లేదు,
కాకటూల గోల తప్ప.
"రేపు బూట్లేసుకుని రా" అన్నాడు.

పాత పంపు షెడ్డు వెనక
ముళ్ళగడ్డిలో చేతికర్రతో పొడిచి పొడిచి వెతికాడు.
టంగుమంది.
బొటనవేలంత ఇనుపమేకు,
తలమీద సుత్తిదెబ్బల గంట్లు.
"ఇదే. ఇక్కణ్ణించే అన్నీ కొలిచాం,
నేనూ, టేపు ఆ కొస పట్టుకుని రాన్ గిబ్లెట్టూ.
రాన్ పోయాడు."

"మరి ఉత్తరం?"
"రైలుపట్టాలు ఎటుంటే అటే.
ఊరు కాగితంలో పట్టాలిగా."
"అడుగులా, మీటర్లా?"
కాసేపు నీళ్ళు నమిలాడు.
"డెబ్బైనాలుగు దాకా అడుగులు. తర్వాత మీటర్లు.
మధ్యలో కొన్నాళ్ళు... ఏది దొరికితే అది."

మావైపు ఊరికి బొడ్డులాంటి రాయొకటి ఉంటుందనీ,
బొడ్రాయి అంటామనీ,
ముందు అది పాతి తర్వాతే ఊరు కడతారనీ చెప్పాను.
"బోడ్రై" అన్నాడు. మళ్ళీ అన్నాడు.
మేకు చుట్టూ గడ్డి పీకాడు.
"దానికి పూజలవీ చేస్తారా?"
"చేస్తాం."
"దీనికి కుక్కలు చేస్తాయి."

జీపీఎస్ కర్రను మేకు నెత్తిన నిలబెట్టాను.
తర్వాత పోస్టాఫీసు మూల హైడ్రెంటు మీద.
ఆఫీసుకొచ్చి ఊరిని జరిపాను, కాస్త తిప్పాను,
కొన్ని వీధుల్ని మాత్రం
అడుగుల్లోంచి మీటర్లలోకి కుదించాను.
మీట నొక్కగానే
ఒళ్ళంతా ఉప్పునీళ్ళు దులుపుకుని
మర్రంబిడ్జీ ఒడ్డుకొచ్చి
తన రోడ్ల కింద తాను సర్దుకుని పడుకుంది.

కెల్విన్‌ని పిలిచి చూపించాను.
"ఇంత చిన్నదా" అన్నాడు.

ఒక్కటి మిగిలింది.
బేకరీ వెనక పదమూడు మీటర్ల గొట్టం.
ఎక్కణ్ణించీ రాదు, ఎక్కడికీ పోదు.
అద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని
"రాన్‌కి తెలుసేమో" అన్నాడు.

చెరిపేయబోయి ఆగాను.
'స్థితి' అన్న గడిలో 'తెలియదు' అని కొట్టాను.
'ఎవరినడగాలి' అన్న గడిలో
రాన్ గిబ్లెట్ అని రాసి
సేవ్ చేశాను.